పది నలభైకి నాలుగో బిన్ను

ఏసుపాదం గారు చనిపోయిన ముప్పై అయిదో రోజున కంప్యూటర్‌లో ఆయన పేరుతో నాలుగో బిన్ను మీద హోల్డ్ పడింది, అంటే ఆ బిన్నును ఎవరూ ముట్టుకోవద్దని. సమయం ఉదయం పది గంటల నలభై నిమిషాలు. నాకు భయం వేయలేదు, ఒళ్ళు మండింది. చనిపోయిన మనిషి లాగిన్ వాడుకునేంత బద్ధకస్తులు ఈ మిల్లులో తప్ప ఇంకెక్కడా ఉండరనుకున్నాను.

నా పేరు డయానా. విజయవాడలో ఒక చిన్న సాఫ్ట్‌వేర్ కంపెనీలో ఈఆర్‌పీ పెట్టించే పని నాది. కొనడం, నిల్వ చేయడం, తయారు చేయడం, అమ్మడం, ఇలా నాలుగు పుస్తకాల్లోనూ నలుగురి బుర్రల్లోనూ ఉన్న వ్యాపారాన్నంతా ఒకే ప్రోగ్రామ్‌లోకి తేవడమే ఈఆర్‌పీ. చెప్పడానికి ఇంతే. చేయాలంటే మాత్రం ఆ నలుగురి బుర్రల్లో ఉన్నది బయటికి లాగాలి, వాళ్ళేమో ఓ పట్టాన ఇవ్వరు. నాకు నోరెక్కువని మా ఆఫీసులో పేరు. అందుకే మిల్లులకు నన్నే పంపుతారు.

సాంబశివరావు గారి బాయిల్డ్ రైసు మిల్లు పామర్రు దాటాక పొలాల మధ్యన ఉంది. బియ్యం నిల్వకు కొండపల్లి దారిలో గోదాము, అమ్మకాల ఆఫీసేమో విజయవాడలోనే, భవానీపురంలో. మూడు చోట్ల ముగ్గురు ఫోన్లలో గొంతు చించుకుంటే తప్ప ఒక లారీ కదిలేది కాదు. ఆరు నెలల్లో నేను ఆ అరుపులు మాన్పించాను. ఇప్పుడు భవానీపురంలో ఆర్డరు ఎక్కిస్తే, కొండపల్లిలో బియ్యం ఉందో లేదో ప్రోగ్రామే చూసుకుంటుంది. లేకపోతే పామర్రులో ఏ బిన్నులో పాత ధాన్యం ఉందో వెతికి, బిన్నుల షెడ్డులో ఉన్న ప్రింటరు నుంచి పని స్లిప్పు ఇస్తుంది. కింద తూము దగ్గర ధాన్యం దిగకుండా ఆగిపోతే ఇంకో స్లిప్పు వస్తుంది, ఫలానా మనిషి పైనుంచి దిగి కదిలించాలని. మధ్యలో ఎవరూ ఎవరినీ అడగనక్కర్లేదు. ఎవరూ ఎవరినీ అడగనక్కర్లేదన్నదే నా గొప్ప.

బిన్నులంటే రెండంతస్తుల ఎత్తున్న గుండ్రటి రేకు గాదెలు. మొత్తం ఆరు. ముప్పై ఏళ్ళుగా వాటి బాగోగులు ఏసుపాదం గారివే. పదిన్నరకు టీ తాగి, గ్లాసు కడిగి బోర్లించి, పది నలభైకి వెదురు కర్ర పట్టుకుని బయల్దేరేవారు. ఒక్కో బిన్నునూ మూడు ఎత్తుల్లో కొట్టి చెవి ఆనించేవారు. తడి ధాన్యం పోస్తే పైన గడ్డకట్టి ఇంటి కప్పులాగా నిలబడిపోతుంది. కింద నుంచి తీసేకొద్దీ లోపల బోలు. పైనుంచి తొంగిచూస్తే నిండుగానే కనబడుతుంది. మనిషి కాలు పెట్టాడో, కప్పు విరిగి ధాన్యం కింద పూడిపోతాడు. అందుకని బోలుగా మోగిన బిన్ను మీద ఆయన సున్నంతో పెద్ద ఇంటూ గుర్తు వేసేవారు. అది చెరిగేదాకా ఆ బిన్ను ఎవరూ ఎక్కకూడదు. సాంబశివరావు గారు చెప్పినా సరే, ఎక్కరు.

ఎవరెవరు ఏం చేస్తారో నేను రాసుకుంటున్న రోజున ఆయన నా పక్కన నిలబడి, చాలాసేపు తెర వైపు చూశారు.

"అంతా రాశావు గానీ అమ్మా, నా సున్నం గుర్తు ఏ గడిలో పెట్టావు?"

"తేమ ఎంతుందో ల్యాబ్ వాళ్ళు ఎక్కిస్తారు కదండీ. అది చాలు."

"వాళ్ళు పైనున్న గింజని చూస్తారమ్మా. నేను లోపలున్న ఖాళీని చూస్తా."

"కర్రతో కొట్టి చూసేదానికి ప్రోగ్రామ్‌లో గడి ఉండదండీ ఏసుపాదం గారూ. పోనీ మీ కర్రకి కూడా ఓ బార్‌కోడ్ అంటించమంటారా?"

గదిలో అందరూ నవ్వారు. ఆయన కూడా నవ్వారు. నవ్వి, "సరేలే అమ్మా" అంటూ కర్ర తీసుకుని వెళ్ళిపోయారు.

తర్వాత బిన్నులకు బార్‌కోడ్లు అంటించాల్సి వచ్చింది. ముప్పై ఏళ్ళ సున్నం మరకల మీద స్టిక్కర్లు నిలవలేదు. ఆ గీతలన్నీ పోయేలా రంగు వేయించమన్నది నేనే. మే నెలలో ఒక ఆదివారం, ఏసుపాదం గారు చర్చికి వెళ్ళిన పూట, ఆరు బిన్నులకూ నీలం రంగు వేశారు. శనివారం ఆయన నాలుగో బిన్ను మీద వేసిన ఇంటూ గుర్తు ఆ రంగు కిందికి వెళ్ళిపోయింది. అకాల వర్షానికి తడిసిన దాళ్వా పంట ధాన్యం ఆ బిన్నులోనే ఉంది.

సోమవారం పొద్దున తొమ్మిదింటికి స్లిప్పు వచ్చింది. హమాలీ యేసుకుమార్ బిన్ను చుట్టూ చూశాడు, గుర్తు లేదు. ఎక్కి లోపలికి దిగాడు. గేటు దగ్గర సైకిల్ దిగుతూ నీలం బిన్నులు చూసిన ఏసుపాదం గారు ఆ సైకిల్ అక్కడే పడేసి పరుగెత్తారట. తనూ లోపలికి దిగి, మెడ దాకా కూరుకుపోయిన యేసుకుమార్‌కు తాడు అందించి పైకి లాగించారు. ఆ లాగడంలో తను నిలబడ్డ చోట గడ్డ విరిగి ఆయన పూడిపోయారు. రేకు కోసి ఆయన్ని బయటికి తీసేసరికి రెండు గంటలు పట్టింది.

ప్రమాదమన్నారు. రాసిపెట్టి ఉందన్నారు. నేనూ తల ఊపాను. గుర్తుకు గడి పెట్టమని ఆయన అడిగిన సంగతి ఎవరికీ జ్ఞాపకం లేదు. నాకు ఉంది, ఒక్క రోజు కూడా మర్చిపోలేదు. కానీ చెప్పలేదు.

బిన్నులకు ఎవరో ఒకరి పేరు బాధ్యుడిగా లేకపోతే ప్రోగ్రామ్ నడవదు. ఆయన కొడుకు ఎలీషాకు అదే ఉద్యోగం ఇచ్చారు కాబట్టి పేరు మార్చేద్దామన్నాను. మిల్లులో ఎవరూ ఒప్పుకోలేదు. "నలభయ్యో రోజు ప్రార్థన అయ్యేదాకా ఆయన పేరు తీయొద్దు మేడమ్, బాగోదు" అన్నాడు గుమాస్తా లక్ష్మీకాంత్. అతను రోజూ బొట్టు పెట్టుకుని దణ్ణం పెట్టుకునే మనిషి, అయినా ఆ మాట అతనే అన్నాడు. సరే కదా అని ఊరుకున్నాను. ఆ నలభై రోజులూ పూర్తి కాకముందే, ముప్పై అయిదో రోజున హోల్డ్ పడింది.

భవానీపురం ఆఫీసు నుంచి లక్ష్మీకాంత్‌కు ఫోన్ చేశాను.

"ఏసుపాదం గారి ఐడీతో ఎవరు హోల్డ్ పెట్టారు?"

"ఎవరూ ముట్టుకోలేదండీ. ఆయన కుర్చీలో కూడా ఎవరూ కూచోడంలేదు."

"మరి కంప్యూటర్ తనంతట తనే పెట్టుకుందా?"

"అది మీకే తెలియాలి మేడమ్."

నాలుగో బిన్నును బాగు చేయించి కొత్త ధాన్యం పోశారు, రెండు రోజులుగా కింద నుంచి కొద్దికొద్దిగా తీస్తున్నారు. ల్యాబ్ రీడింగ్ బాగానే ఉంది. హోల్డ్ తీసేశాను. మర్నాడు పది నలభైకి మళ్ళీ పడింది. ఈసారి లోపలి రికార్డు తెరిచి చూశాను. ఆ ఐడీకి హోల్డ్ పెట్టే అధికారమే లేదు. నేను ఇవ్వలేదు. ఇవ్వమనే కదా ఆయన అడిగింది.

ముప్పై ఏడో రోజున పామర్రు వెళ్ళాను. దొంగను పట్టుకుని నలుగురిలో కడిగేయాలని బస్సులోనే మాటలు సిద్ధం చేసుకున్నాను. పదింపావు నుంచీ షెడ్డులో ఆయన కంప్యూటర్ ఎదురుగా నిలబడ్డాను. పక్కన లక్ష్మీకాంత్. కుర్చీ ఖాళీ. కీబోర్డు మీద ధాన్యపు దుమ్ము పొరలాగా పేరుకుని ఉంది, ఒక్క వేలి ముద్ర కూడా లేదు. ఏసుపాదం గారి గ్లాసు ఇంకా కిటికీలో బోర్లించే ఉంది.

పది నలభై అయింది. తెర మీద పేరు గడిలో ఒక అక్షరం పడింది. కాసేపాగి ఇంకొకటి. మళ్ళీ ఆగి మరొకటి. ఆ తీరు నాకు తెలుసు. ఏసుపాదం గారికి టైపు చేయడం నేర్పింది నేనే. కుడిచేతి చూపుడు వేలొక్కటే వాడేవారు, ప్రతి అక్షరానికీ కీబోర్డంతా వెతికేవారు. ఇంత నెమ్మదైతే ఎలాగండీ అని ఆయన్ని విసుక్కున్నాను కూడా.

పేరు పూర్తయింది. హోల్డ్ పడి, తెర మీద నాలుగో బిన్ను ఎర్రగా మారింది. షెడ్డు అవతల నుంచి టక్‌మని చప్పుడు వినబడింది. కాస్త పైన ఇంకోసారి టక్. ఇంకా పైన మరోసారి.

"ఎండకి రేకులు మేడమ్" అన్నాడు లక్ష్మీకాంత్. "జూనొచ్చినా ఎండ తగ్గలా."

ఆ మాట అంటూనే అతను బయటికి వెళ్ళిపోయాడు. నేను బయటికి పోలేదు, పోలేకపోయాను. చాలా భయపడ్డాను, ఒప్పుకుంటున్నాను. నాకు భయం వేస్తే అది కాసేపటికి కోపమవుతుంది, చిన్నప్పటి నుంచీ అంతే. శుక్రవారం ప్రాజెక్టు అప్పగించాలి, రేపు సాంబశివరావు గారు స్వయంగా వచ్చి చూస్తారు, ఈ గొడవేమిటి నాకు అనుకున్నాను. హోల్డ్ తీసేశాను. ఆ సాయంత్రం భవానీపురం చేరగానే, చెప్పులైనా విప్పకుండా ల్యాప్‌టాప్ తెరిచి, ఏసుపాదం గారి ఐడీకి తాళం వేశాను. నలభయ్యో రోజు దాకా ఉంచుతానన్న మాట తప్పాను. ఆ రాత్రి హాయిగా నిద్రపోయాను.

మర్నాడు మిల్లు ఆఫీసులో సాంబశివరావు గారు పెద్ద తెర ముందు కూర్చున్నారు. పది నలభై అయింది. నలభై ఒకటి, నలభై రెండు. ఏమీ పడలేదు. ఆరు బిన్నులూ పచ్చగా ఉన్నాయి. ఎవరో టీ తెచ్చిస్తే తీసుకున్నాను.

"చూడండి సార్" అన్నాను. "భవానీపురంలో ఇప్పుడే ఆర్డరు ఎక్కింది. మన షెడ్డులో స్లిప్పు వచ్చేస్తుంది, మీరు ఒక్క ఫోను కూడా చేయక్కర్లేదు."

పది నలభై ఆరుకి స్లిప్పు వచ్చింది. తెర మీద కూడా కనబడింది. నాలుగో బిన్ను. ధాన్యం దిగడం ఆగింది. పైనుంచి కదిలించాలి. మనిషి: ఎలీషా.

కిటికీలోంచి చూస్తే ఎలీషా స్లిప్పు మడిచి చొక్కా జేబులో పెట్టుకుంటున్నాడు. ఇరవై ఏడేళ్ళ మనిషి, నడక మాత్రం అచ్చం తండ్రిదే. గునపం భుజాన వేసుకుని నిచ్చెన వైపు నడిచాడు. పోన్లే, ఇవాళ గుర్తు పడలేదు కదా, ఫర్వాలేదనుకున్నాను.

ఆ మాట మనసులో అనుకున్నాక నాకు నా మీదే అనుమానం వచ్చింది. మూడు రోజులు ఆ గుర్తును తప్పన్నాను, తీసి పారేశాను. ఇవాళ అది లేదని ధైర్యం తెచ్చుకుంటున్నాను. ఎందుకు లేదు? నేను ఐడీకి తాళం వేశాను కాబట్టి. ఆ సోమవారం యేసుకుమార్ కూడా ఇలాగే గుర్తు లేదని చూసుకుని ఎక్కాడు. గుర్తు లేకపోవడం కాదు, దాని మీద నేను మళ్ళీ రంగు వేశాను.

టీ గ్లాసు బల్ల మీద పడేశాను. సాంబశివరావు గారు ఏమిటమ్మా అంటున్నా ఆగలేదు, పరుగెత్తాను. మిల్లు ఆడుతోంది. ఆ మోతలో ఎలీషా, ఎలీషా అని ఎంత అరిచినా నా గొంతు నాకే వినబడలేదు. అతను అప్పటికే నిచ్చెన పైకి చేరాడు. ఒక కాలు అంచు మీద నుంచి లోపలికి వేశాడు. నిచ్చెన ఎక్కి పట్టుకునేంత టైము లేదు.

షెడ్డు గోడకు ఏసుపాదం గారి కర్ర ఆనించి ఉంది. ముప్పై ఎనిమిది రోజులుగా దాన్ని ఎవరూ కదపలేదు. తీసుకుని, ఉన్న బలమంతా పెట్టి రేకు మీద కొట్టాను. కింద దబ్‌మంది. చేతులెత్తి ఇంకాస్త పైన కొట్టాను. ఖాళీ బిందె మోగినట్టు మోగింది. ఆ మోత మిల్లు మోతను దాటి వెళ్ళింది.

ఎలీషా ఆగిపోయాడు. నేను అరిస్తే వినని మనిషి దాన్ని విన్నాడు. చిన్నప్పుడు తండ్రికి అన్నం క్యారేజీ తెచ్చిన రోజుల నుంచీ ఆ చప్పుడు అతని చెవుల్లో ఉంది. లోపలికి వేసిన కాలు వెనక్కి తీసుకుని, నిచ్చెనను రెండు చేతులా కావలించుకున్నాడు. నేను కొడుతూనే ఉన్నాను. నాలుగో దెబ్బకో అయిదో దెబ్బకో లోపల కప్పు కూలింది. బిన్ను మొత్తం ఒక్కసారి వణికింది, పైనుంచి దుమ్ము లేచి ఎలీషాను కమ్మేసింది. దుమ్ము తగ్గాక అతను ఇంకా నిచ్చెన మీదే ఉన్నాడు.

లక్ష్మీకాంత్ వచ్చి నా చేతిలోంచి కర్ర తీసుకునేదాకా నేను కొట్టడం ఆపలేదట. నాకు గుర్తు లేదు. షెడ్డు గడియారం వైపు చూసినట్టు మాత్రం గుర్తుంది. పది యాభై మూడు.

నలభయ్యో రోజు ప్రార్థనకు వెళ్ళాను. పామర్రు చివర వాళ్ళ ఇంటి ముందు షామియానా, నలభై దాకా కుర్చీలు. ప్రార్థన అయ్యాక భోజనాలకు లేస్తుంటే తెరేసమ్మ గారి దగ్గరికి వెళ్ళి కింద కూర్చున్నాను. ఆమె ఏసుపాదం గారి భార్య. ఎలీషా పక్కనే నిలబడ్డాడు.

"ఆంటీ, మీకొక మాట చెప్పాలి" అన్నాను. "ఆయన గుర్తుకు గడి పెట్టమని అడిగారు. నేనే వద్దన్నాను. అందరి ముందూ ఎగతాళి కూడా చేశాను. బిన్నులకు రంగు వేయించమన్నదీ నేనే. మొన్న ఎలీషాని ఎక్కించింది కూడా నేను చేసిన పనే."

ఎలీషా వాకిట్లోకి వెళ్ళిపోయాడు. వెళ్ళనివ్వక ఏం చేస్తాను. తెరేసమ్మ గారు కొంగుతో కళ్ళు తుడుచుకున్నారు.

"నువ్వు ఎగతాళి చేశావని చెప్పలేదమ్మా ఆయన" అన్నారు. "ఆ రోజు అన్నం తినేటప్పుడు అన్నాడు, గుర్తుకి గడి లేదంట తెరేసూ, ఆ పిల్లకింకా తెలీదు అని. మరెట్టాగయ్యా అన్నా. మళ్ళీ అడుగుతాలే, ఇచ్చేదాకా అడుగుతా అన్నాడు."

నేను ఏడ్చాను. ఆమె నన్ను ఓదార్చలేదు, పొమ్మనలేదు. పళ్ళెం తెప్పించి నా ముందు పెట్టించారు.

మర్నాడు ఆఫీసులో ముందు చేసిన పని ఆ గడి పెట్టడం. రోజూ పది నలభైకి బిన్ను కొట్టి చూసిన మనిషి లోపల బోలు లేదని ఎక్కిస్తే తప్ప ఆ బిన్నుకు ఏ స్లిప్పూ బయటికి రాదు. ఆ మనిషి ఎలీషా. సాంబశివరావు గారు పచ్చజెండా ఊపారు. బిన్నుల మీద సున్నం గుర్తు కూడా వేయమన్నారు. బార్‌కోడ్లు తీసుకెళ్ళి షెడ్డు తలుపుకు అంటించాం.

ఆ తర్వాత బాధ్యుడి పేరు మార్చడానికి ఏసుపాదం గారి ఐడీ తెరిచాను. తాళం వేసిన ఐడీతో ఎవరైనా లోపలికి రాబోతే ప్రోగ్రామ్ రానివ్వదు, కానీ వచ్చినట్టు రాసి పెట్టుకుంటుంది. ఆ చిట్టా చూడాలని అప్పటిదాకా నాకు తోచలేదు.

ముప్పై ఎనిమిదో రోజు కింద నలభై ఏడు వరుసలున్నాయి. మొదటిది పది నలభైకి. నేను టీ తాగుతున్నప్పుడు, పచ్చ రంగు చూసి మురుస్తున్నప్పుడు, ఫోన్ చేయక్కర్లేదని సాంబశివరావు గారికి గొప్పలు చెప్తున్నప్పుడు, దాదాపు పావు నిమిషానికొకసారి, ఒక్క వేలితో కొట్టే మనిషికి పేరు పూర్తి చేయడానికి పట్టేంతసేపట్లో, లోపలికి రానివ్వమని మళ్ళీ మళ్ళీ అడిగారు. ప్రతి వరుస చివరా ఒకటే మాట: అనుమతి లేదు.

వేలితో లెక్కపెడుతూ కిందికి వచ్చాను. ఆఖరిది పది యాభై రెండుకి. అప్పటికి కర్ర నా చేతిలో ఉంది. ఆ తర్వాత ఆయన అడగలేదు.